దమ్ మాఫీ

గురమ్మ ముందు బీడీ మాట ఎత్తకూడదని కువైట్ జాబ్రియాలోని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి కొత్తగా వచ్చిన తోటమాలి ఆ సంగతి తెలియక ప్రహరీ పక్కన నిలబడి బీడీ వెలిగించాడు. గురమ్మ వంటింట్లోంచి బకెట్టుతో వచ్చి, నీళ్ళు వాడి నెత్తిన కుమ్మరించి, మళ్ళీ లోపలికి వెళ్ళి పప్పులో తాలింపు వేసుకుంది. వాడు ఆ సాయంత్రం దాకా నా వెంటపడి, నేనేం తప్పు చేశానని అడుగుతూనే ఉన్నాడు.

మా ఇల్లు అంటున్నానే గానీ ఇల్లు మాది కాదు, మామాది. ఇక్కడ పనివాళ్ళందరూ యజమానురాలిని మామా అనే పిలుస్తారు. గురమ్మ వంటా ఇల్లూ చూస్తుంది. నేను, శ్యాంసుందర్‌ని, కారు నడుపుతాను. ఆమెది రాయచోటి దగ్గర పల్లె, నాది ఆర్మూరు పక్కన. మన దగ్గరైతే ఒకరి మొహం ఒకరం చూసేవాళ్ళం కాదు. ఇక్కడ ఒకే కఫీల్ కింద, అంటే వీసా ఇచ్చిన ఒకే యజమాని కింద, ఒకే గేటు లోపల బతుకుతున్నాం కాబట్టి ఆమె నాకు అక్క అయింది, నేను ఆమెకు తమ్ముణ్ణయ్యాను. సొంత తమ్ముడు వేరే ఉండేవాడు. వాడి పేరు ఆంజి.

ఆంజి పనిచేసింది షుఐబాలో, ఫ్యాక్టరీలకు మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో. అక్కడ ఇల్లంత ఫర్నేసులుంటాయి. వాటి లోపలి గోడలకు వేడిని ఆపే ఇటుక కట్టి ఉంటుంది. ఏడాదికోసారి ఫర్నేసు ఆర్పి, ఆ పాత ఇటుకను డ్రిల్లుతో పగలగొట్టి, కొత్తది కడతారు. ఆ పగలగొట్టే పని ఆంజిది. లోపలికి వెళ్ళినవాడు బయటికొచ్చేసరికి కనురెప్పల దగ్గర్నుంచి తెల్లగా ఉండేవాడు. మాస్కులు ఇన్‌స్పెక్షన్ రోజున బయటికొచ్చేవి, ఇన్‌స్పెక్షన్ అయిపోగానే మళ్ళీ పెట్టెలోకి వెళ్ళేవి. వాటి తాళం ఫోర్‌మన్ పెద్దిరాజు దగ్గర ఉండేది.

పెద్దిరాజు భీమవరం వైపు మనిషి. మాట తేనె. ఎవరినీ కసిరేవాడు కాదు. 'ఏం బాబూ, కొంచెం త్వరగా కానీయండే' అంటూ బుజ్జగించి మనిషిని మధ్యాహ్నం ఫర్నేసులోకి దింపేవాడు. అలాంటి మెత్తటి నోటి మనుషులంటే నాకు మొదట్నుంచీ ఒళ్ళు మంట. తిట్టేవాడైతే తిడుతున్నాడని తెలుస్తుంది, తప్పుకుంటాం.

మామా కూతురి ఇల్లు ఎగైలాలో. శుక్రవారం మామా అక్కడికి వెళ్తే గురమ్మను కూడా తీసుకెళ్ళేది. ఆంజి క్యాంపు నుంచి బస్సెక్కి అక్కడి మాల్ దగ్గరికి వచ్చేవాడు. అక్కా తమ్ముడూ పార్కింగ్ నీడలో కూర్చుని, ఆమె డబ్బాలో తెచ్చిన చిత్రాన్నం తింటూ ఊరి సంగతులు మాట్లాడుకునేవాళ్ళు. నేను కారులో ఏసీ వేసుకుని కూర్చుని చూసేవాణ్ణి. మొదట్లో ఆంజి బస్టాపు నుంచి పరుగున వచ్చేవాడు. తర్వాత నడిచి వచ్చేవాడు. చివరికి మధ్యలో ఆగి, కరెంటు స్తంభం పట్టుకుని, కాసేపు నిలబడి వచ్చేవాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడానికి కూడా వాడికి ఊపిరి చాలేది కాదు.

కంపెనీ డాక్టరు దగ్గరికి వాణ్ణి పెద్దిరాజే తీసుకెళ్ళాడు. డాక్టరు ఏదైనా అడిగేలోపే, 'బీడీలు తెగ తాగుతాడండీ, ఎంత చెప్పినా వినడు' అని ఇంగ్లీషులో అన్నాడు. ఆంజికి ఇంగ్లీషు రాదు. బీడీ అన్న మాట ఒక్కటే తెలిసి వాడు తల అడ్డంగా ఊపుతున్నా ఆ డాక్టరు పట్టించుకోలేదు. బీడీల రోగానికి కంపెనీకి బాధ్యత ఉండదు కదా. బయటికి రాగానే పెద్దిరాజు వాడి భుజం మీద చెయ్యి వేసి, 'ఖలాస్ బాబూ, పని అయిపోయింది, ఇంక ఇంటికెళ్ళి రెస్టు తీసుకో' అని టికెట్టు చేతిలో పెట్టాడు.

పెద్దిరాజు అక్కడితో ఆగినా బాగుండేది. ఆంజి ఊరు చేరకముందే వాడి భార్య వెంకటేశ్వరికి ఫోన్ చేసి, 'బీడీలు మానమని కాళ్ళు పట్టుకున్నంత పని చేశానమ్మా, మీ ఆయన వినలేదమ్మా' అని చెప్పి ఏడ్చినంత పని చేశాడు. రేపు ఎవరైనా కంపెనీని అడిగితే ఇంట్లోవాళ్ళ నోటి నుంచి కూడా అదే మాట రావాలని వాడి ఆలోచన. వచ్చింది కూడా. ఆంజి మంచంలో కూర్చుని, పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతూ, నేను బీడీ ముట్టలేదే అని పెళ్ళానికి చెప్పుకున్నాడట. తాగేవాళ్ళందరూ అలాగే అంటారని ఆమె నమ్మలేదు. వాడి చివరి రోజుల్లో గురమ్మ ఫోన్ చేస్తే మాట వచ్చేది కాదు, ఈల వేసినట్టు ఊపిరి ఒక్కటే వినిపించేది. ఆమె ఆ ఊపిరి వింటూ వంటింట్లో నిలబడేది. ఒకరోజు అదీ వినిపించలేదు.

ఆ ఏడు పెద్దల అమావాస్య వచ్చింది. మా వైపు పెత్తరమాస అంటాం. పోయినవాళ్ళ ఫొటో ముందు వాళ్ళకు ఇష్టమైనవన్నీ పెట్టి మొక్కే రోజు. వెంకటేశ్వరి వీడియో కాల్ చేసి గురమ్మకు చూపించింది. నేనూ పక్కనే ఉన్నాను. ఆంజి ఫొటోకు పూలదండ వేశారు. ముందు విస్తరిలో ఓళిగలు, చిత్రాన్నం, కోడికూర ఉన్నాయి. విస్తరి పక్కన, ఎర్ర దారం కట్టిన బీడీకట్ట, దాని మీద అగ్గిపెట్టె.

"అదేందే అది?" అంది గురమ్మ.

"ఆయనకు పానం గదా వదినా అవంటే," అంది వెంకటేశ్వరి. కోపంగా కాదు. చచ్చినవాడి మీద ఇంకేం కోపం, ఇష్టమైనది పెట్టి పంపిద్దామన్నట్టు అంది.

గురమ్మ ఫోన్ కట్టేసింది. జీవితంలో బీడీ ముట్టనివాడికి చచ్చాక బీడీలు పెడుతున్నారు. ఆ రోజు ఆమె ఏడవలేదు. ఏడిస్తే నేనేదో ఓదార్చేవాణ్ణి. గిన్నెలన్నీ సింకులో వేసి, తోమినవాటినే మళ్ళీ తోమింది. చాలాసేపటికి నా వైపు తిరిగి, "ఆ మాట వాని నోట్లోంచి వచ్చింది తమ్ముడా. వాని నోట్లోంచే ఎనక్కి తీస్తా," అంది. అప్పటికి పెద్దిరాజు ఎలా ఉంటాడో కూడా ఆమె చూడలేదు. వాడి పేరూ, ఫోన్‌లో వెంకటేశ్వరి అనుకరించి చెప్పిన వాడి మాటతీరూ మాత్రమే తెలుసు. అవి చాలు ఆమెకు. బియ్యం కడుగుతూ తిట్టేది, బట్టలు పిండుతూ తిట్టేది. చపాతీ పిండి పిసుకుతుంటే పక్కన నిలబడటానికి నాకే భయమేసేది.

ఇక మామా సంగతి చెప్పాలి. ఆమె భర్తను మేం బాబా అనేవాళ్ళం. ఆయన కూడా ఊపిరితిత్తుల రోగంతోనే పోయాడు. ఆక్సిజన్ గొట్టాలు సర్దడం, రాత్రీ పగలూ వీపు నిమరడం అన్నీ గురమ్మే చేసింది. ఆయన పోయాక మామా ఆయన పేరు మీద ఏదైనా చేయాలనుకుంది. ఆ టైములోనే యూనివర్సిటీ నుంచి హుమేరా అనే డాక్టరమ్మ వచ్చింది. ఆమె పెద్దలది హైదరాబాదు, పుట్టి పెరిగింది కువైట్‌లో. మాతో ఉర్దూలో మాట్లాడేది.

హుమేరా దగ్గర మందు లేదు, పరీక్ష కూడా లేదు. ఒక అనుమానం ఉంది. ధూళి పీల్చేవాళ్ళ ఊపిరితిత్తులు లోపల్లోపల ఏళ్ళ తరబడి పాడవుతాయి. ఎక్స్‌రేలో కనిపించేసరికి చేయి దాటిపోతుంది. అంతకు చాలా ముందే నెత్తురులో ఏదో ఒక గుర్తు పుడుతుందని ఆమె అనుమానం. అది దొరికితే మనిషిని ఆ పని నుంచి ముందే తప్పించవచ్చు, మందులు ముందే మొదలుపెట్టవచ్చు. వచ్చిన చిక్కేమిటంటే, అనుమానానికి ఎవరూ డబ్బు పెట్టరు. రుజువు తెస్తే ఇస్తామంటారు. డబ్బు లేకుండా రుజువు ఎక్కడ్నుంచి వస్తుంది? అందుకే తిరిగి తిరిగి మామా దగ్గరికి వచ్చింది.

"మావారి రోగం కూడా ముందే తెలిసేదా?" అని మామా అడిగింది.

"ఏమో. తెలిసేదేమో. తెలుసుకోవడానికే ఈ పని," అంది హుమేరా. తెలిసేదని ఒట్టేసి చెప్పకపోవడం మామాకు నచ్చింది. డబ్బు ఇస్తానంది.

ఇక నెత్తురు ఇచ్చే మనుషులు కావాలి. దానికొక కంపెనీ ముందుకొచ్చింది. ఫర్నేసుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మా మనుషుల్ని పంపిస్తాం, ల్యాబ్ మిషను ఖర్చులో సగం పెట్టుకుంటాం అన్నారు. వాళ్ళకేదో పుణ్యం మీద మోజు పుట్టిందనుకోకండి. పెద్ద కాంట్రాక్టులు ఇచ్చేవాళ్ళు ఈమధ్య, మీ పనివాళ్ళ ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నారట. బోర్డు మీద యూనివర్సిటీ పేరు పక్కన తమ పేరుంటే కలిసొస్తుంది. డాక్టరమ్మ చదువు, మామా డబ్బు, కంపెనీ మనుషులు. మూడు చేతులూ కలిస్తేనే ఆ పని మొదలయింది. అది ఎవరి కంపెనీయో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

మొదటి సమావేశం మా ఇంటి దివానియాలోనే, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే హాల్లోనే జరిగింది. కంపెనీ మేనేజరు, ముదీర్ అంటారిక్కడ, ఆయన వెంట నీలం చొక్కా, మెడలో కార్డు వేసుకుని ఒక మనిషి వచ్చాడు. పనివాళ్ళ తరఫున అన్నీ ఈయనే చూసుకుంటాడని ముదీర్ చెప్పాడు. గురమ్మ గావా, అంటే అరబ్బీ కాఫీ, ఫ్లాస్కు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. లోపల ఆ మనిషి ఫోన్‌లో ఎవరితోనో తెలుగులో, "ఆయ్, పెద్దిరాజునండీ, మీటింగులో ఉన్నానండీ," అంటున్నాడు.

ఆమె గిర్రున వెనక్కి తిరిగి వంటింట్లోకి వచ్చింది. మొహం నల్లబడిపోయింది. ఫ్లాస్కు మూత తీసింది. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమై ఫ్లాస్కు లాక్కోబోయాను. అంతలో ఆమే మూత పెట్టేసింది.

"వద్దులే. గావాలో ఉమ్మితే వానికి తెలీదు గదా," అంది. "వానికి తెలియాల."

"అక్కా, మామాకు చెప్పు. ఇప్పుడే చెప్పు. వీడే గా పెద్దిరాజని చెప్పు," అన్నాను. నా నెత్తురు కూడా ఉడికిపోతోంది.

"చెప్తే ఏమయితాది? మామాకు కోపమొచ్చి దుడ్లియ్యడం ఆపేస్తాది. ఆ డాక్టరమ్మ ఏడ్చుకుంటా పోతాది. ముదీర్ వీన్ని ఇంగో పనికి మారుస్తాడు. వాడు నోరు తెరవకుండానే తప్పించుకుంటాడు. నాకు వాని ఉద్యోగం ఎందుకు తమ్ముడా? మా ఆంజి బీడీ తాగలేదని వాని నోట్లో మాట కావాల నాకు."

ఆ రోజు ఆమె వాడికి తన చేత్తోనే గావా పోసింది. ఆమె ఎవరో వాడికి తెలియదు. "థాంక్సండీ గురమ్మగారూ, మీరు మన తెలుగువారవ్వడం ఎంతో ఆనందమండీ," అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేను తల పక్కకు తిప్పుకున్నాను.

కొన్నాళ్ళకు నర్సులు క్యాంపుకు వెళ్ళి నెత్తురు తెచ్చారు. హుమేరా ల్యాబ్‌లో తలమునకలైంది. అప్పుడప్పుడూ మామా దగ్గరికి వచ్చి దిగులుగా మాట్లాడేది. తను అనుకున్న గుర్తు ఒక్కరిలోనూ కనిపించడం లేదట. ఇన్నేళ్ళు ధూళిలో పనిచేసినవాళ్ళ నెత్తురు నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాళ్ళ నెత్తురులా శుభ్రంగా ఉందట. తన అనుమానమే తప్పేమో అనేది. ముదీర్ మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. మా కంపెనీ మనుషులు అంత ఆరోగ్యంగా ఉన్నారని పదిమందినీ పిలిచి చెప్పుకుందామని ఒక వేడుక పెట్టించాడు. అదీ మా దివానియాలోనే.

ఆ రోజు పెద్దిరాజు తన వెంట ఒక పనివాణ్ణి తీసుకొచ్చాడు. పేరు చిన్నరాజం, జగిత్యాల వైపు మనిషి. కొత్త చొక్కా తొడిగించి, తల దువ్వించి, ఫొటోల కోసం ముందు వరుసలో కూర్చోబెట్టాడు. ఫర్నేసుల్లో చాలా ఏళ్ళు చేసినా మనిషి చూడటానికి గట్టిగానే ఉన్నాడు. పాపం, అతనికి క్యాంపు, బస్సు, ఫర్నేసు తప్ప వేరే కువైట్ తెలియదు. యల్లా, ఖలాస్, మాఫీ, ఇంతే అతని అరబ్బీ. మాఫీ అంటే లేదు అని. ఇక్కడికొచ్చిన ప్రతివాడూ మొదట నేర్చుకునే మాట అదే, ఎందుకంటే ఏది అడిగినా మనకు వచ్చే జవాబు అదే.

మామా అతని ముందు ఆగింది. ఆమెది మంచి మనసు. నెత్తురు తీసినప్పుడు నొప్పి పుట్టిందా బాబూ అని అరబ్బీలో అడిగింది.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. అరబ్బీలో దమ్ అంటే నెత్తురు. మా జగిత్యాల, నిజామాబాద్ వైపు దమ్ము అంటే ఆయాసం. మెట్లెక్కితే దమ్మొస్తుంది అంటాం. ముందు రోజు పెద్దిరాజు క్యాంపులో చిన్నరాజానికి గట్టిగా నూరిపోశాడు. ఎవరడిగినా దమ్ము లేదని చెప్పు, నీకు ఆయాసం ఉందని తెలిస్తే ఇంటికి పంపేస్తారు అని. ఇప్పుడు మామా అడిగిన దాంట్లో చిన్నరాజానికి దమ్ అన్న ముక్క ఒక్కటే చెవిన పడింది. భయంతో లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళ ముందు మర్యాదగా అరబ్బీలోనే చెబుదామనుకున్నాడు.

"దమ్ మాఫీ! మామా, దమ్ మాఫీ!" అని రెండు చేతులూ ఊపుతూ అరిచాడు.

నెత్తురు లేదు అని. నెత్తురు తీయనే లేదు అని. ముదీర్ నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

పెద్దిరాజు ఒక్క గెంతులో ముందుకొచ్చాడు. అయ్యో మామా, వీళ్ళ భాషలో దమ్ అంటే ఆయాసం, నాకు ఆయాసం లేదంటున్నాడు అని గడగడా అరబ్బీలో చెప్పాడు. ఆ మాటకొస్తే వాడు చెప్పింది నిజమే. మామా వాడి వైపు చూడకుండా, ట్రే పట్టుకుని నిలబడ్డ గురమ్మ వైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. ఇంట్లో ఎవరి మాటైనా మామా నమ్మేదీ లేనిదీ గురమ్మను అడిగాకే.

పెద్దిరాజు గురమ్మ పక్కకు జరిగి తెలుగులో గొణిగాడు. "గురమ్మగారూ, అవునని చెప్పండే. కొంచెం త్వరగా చెప్పండే. మీ మేలు మర్చిపోనండీ."

గురమ్మ ట్రే బల్ల మీద పెట్టింది. అవునంటే వాడు బయటపడతాడు. కాదంటే అబద్ధం. ఆమె అవుననలేదు, కాదనలేదు. "మేము ఊపిరిని ఊపిరంటాం మామా, నెత్తురును నెత్తురంటాం. ఈ మనిషిని నేనే అడుగుతా," అని అరబ్బీలో చెప్పి, చిన్నరాజం వైపు తిరిగింది.

"ఏం నాయనా, నర్సమ్మొచ్చి నీ చేతికి సూది గుచ్చిందా?"

ఆమె ఆ ప్రశ్న పెద్దిరాజును కాసేపు ఉడికించడానికే అడిగిందట. తర్వాత నాతో చెప్పింది. చిన్నరాజం ఏం చెబుతాడో ఆమెకూ తెలియదు.

"లే అక్కా. నాకెవలు గుచ్చలే," అన్నాడు చిన్నరాజం అమాయకంగా. "ఆ దినం కొత్తగచ్చిన పోరగాండ్లను నిలవెట్టి తీసిండ్రు. మా పేర్లు ఆళ్ళను చెప్పుమన్నడు సారు. మమ్ములనేమో రూములకెల్లి బయటికి రావద్దన్నడు."

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి గురమ్మ ఆ మాటలు ఒక్కొక్కటే అరబ్బీలో మామాకు చెప్పేస్తోంది. ఆమె గొంతులో తొందర లేదు. బెల్లం ముక్క నోట్లో వేసుకుని చప్పరిస్తున్నట్టు చెప్పింది. పెద్దిరాజు మధ్యలో ఏదో అనబోతే మామా చెయ్యెత్తి ఆపింది.

హుమేరా కుర్చీలో కూలబడిపోయింది. "ఇన్నాళ్ళూ నేను ఎవరి నెత్తురు పరీక్ష చేశాను?" అని ఉర్దూలో తనలో తనే అనుకుంది. తర్వాత లేచి వెళ్ళి పెద్దిరాజు ఎదురుగా నిలబడింది. "నీకు అర్థమవుతోందా? ధూళితో నెత్తురులో ఏ గుర్తూ పుట్టదని నేను రాసేసేదాన్ని. ఆ తర్వాత ఎవరూ దీని జోలికి వచ్చేవారు కాదు." అంత చదువుకున్న మనిషి అందరి ముందూ కళ్ళు తుడుచుకుంది.

మామా మొహం చూసి నేను డబ్బు పోయిందనే అనుకున్నాను. ఆమె మాత్రం ముదీర్ వైపు తిరిగి, "నా డబ్బు ఎక్కడికీ పోదు. నీ మనిషి పోతాడు," అంది. పనివాళ్ళను ఇకనుంచి డాక్టరమ్మే ఎంచుకుంటుంది, జబ్బు బయటపడ్డ ఒక్కణ్ణి ఇంటికి పంపినా ఈ ఊరంతా మీ పేరు చెబుతాను అని కూడా అంది. ముదీర్ తనకు ఈ సంగతేమీ తెలియదని ఒట్లు పెట్టుకున్నాడు. తెలుసో లేదో ఆ దేవుడికే ఎరుక. మచ్చంతా పెద్దిరాజుకు పూసి తాను తెల్లగా బయటపడ్డాడు. అక్కడికక్కడే వాడి మెడలో కార్డు లాక్కుని, "ఖలాస్," అన్నాడు.

ఆంజి భుజం మీద చెయ్యి వేసి వాడన్న మాట అదే. అది వినగానే గురమ్మ వాడి దగ్గరికి వెళ్ళింది.

"నేనెవురో తెలుసునా నీకు? రాయచోటి ఆంజి తోడబుట్టినదాన్ని."

గేటు దాకా పెద్దిరాజును నేనే సాగనంపాను. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజు పండగలా ఉంది. చాయ్ పెట్టుకుని గురమ్మకు ఒక గ్లాసు తెచ్చిచ్చి, తీరింది కదా అక్కా అన్నాను.

"ఏం తీరింది?" అంది. "బీడీకట్ట అట్లనే ఉండాది."

డాక్టరమ్మ మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టింది. ఈసారి తనే క్యాంపుకు వెళ్ళి పాతవాళ్ళను కూర్చోబెట్టుకుని నెత్తురు తీసింది. ఆమె వెతికిన గుర్తు కనిపించడం మొదలైంది. చిన్నరాజంలో కూడా కనిపించింది. అతన్ని ఫర్నేసు నుంచి తప్పించి స్టోరులో వేశారు, మందులు ఇస్తున్నారు. ఇది తొలి మెట్టు మాత్రమే, ఇంకా చాలా చూడాలి అని ఆమె అందరికీ చెబుతుంది. నిజంగా రుజువైతే వేరే దేశాల్లో కూడా వాడతారట. ఆ మాట విన్నప్పుడు గురమ్మ, మా ఆంజి పోయినాక పుట్టిందీ జ్ఞానం అని విసుక్కుని వెళ్ళిపోయింది. తర్వాత మాత్రం డాక్టరమ్మకు కజ్జికాయలు చేసి పంపించింది.

ఒక మధ్యాహ్నం గురమ్మ మేడ మీద దుప్పట్లు ఆరేస్తోంది. నేను నీళ్ళ ట్యాంకు చూడటానికి పైకి వెళ్ళాను. మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. కొంచెం ఎక్కి ఆగడం, మళ్ళీ ఎక్కడం. ఆ అడుగుల కంటే ముందే ఊపిరి పైకి వచ్చింది, ఈల వేసినట్టు. గురమ్మ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది.

పెద్దిరాజు. మనిషి సగమయ్యాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, చాలాసేపు మాట్లాడలేకపోయాడు. ఫోర్‌మన్ కాకముందు వాడు కూడా హెల్పరుగా వచ్చి ఫర్నేసులో ఇటుక పగలగొట్టినవాడేనట. ఆ ధూళి ఇన్నాళ్ళూ లోపల కూర్చుని ఇప్పుడు లేచింది. వేరే కంపెనీలవాళ్ళు పని ఇవ్వడం లేదు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే గుమ్మంలోంచే పంపించేసిందట.

"మామాగారు ఒక్క మాట చెబితే... డాక్టరుగారు తీసుకుంటారండీ," అన్నాడు. "మామాగారు మీ మాట... వింటారండీ. చచ్చిపోతానండీ గురమ్మగారూ."

గురమ్మ దుప్పటి తీగ మీద వేసి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోన్ తీసింది. ఇమో యాప్‌లో కాల్ కలిపి, స్పీకరు పెట్టి వాడి నోటి ముందు పట్టుకుంది.

"వెంకటేశ్వరీ, మనిషి ఒకడొచ్చినాడు. ఇను." వాడితో, "అప్పుడు ఫోన్ చేసి చెప్పినావే, అది ఇప్పుడు సరిగ్గా చెప్పు," అంది.

వాడికి అర్థమైంది. కళ్ళు మూసుకుని చెప్పాడు. "అమ్మా... నేను పెద్దిరాజునండీ. మీ ఆయన... బీడీలు తాగలేదండీ. అది ఫర్నేసు ధూళండీ. నేనే... అబద్ధం చెప్పానండీ."

"ఇనపళ్ళేదంట. గట్టిగా చెప్పు."

మళ్ళీ చెప్పాడు. మధ్యలో ఊపిరందక గోడకు ఆనుకున్నాడు. ఆమె ఫోన్ ఇంకా దగ్గరగా జరిపి, మళ్ళీ చెప్పు అంది. నాకు కూడా, చాలక్కా అనాలనిపించింది. అనలేదు. వాడు మూడోసారి మొదలుపెట్టాడు గానీ బీడీ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు. ఇక ఊపిరి ఒక్కటే వస్తోంది.

అప్పుడు అవతల నుంచి వెంకటేశ్వరి గొంతు వచ్చింది. "వదినా, ఆ ఎగపోత ఎవురిది? మీ తమ్ముడు ఆఖర్న అచ్చం ఇట్లనే..." అంటూ ఆగింది. "అయితే మీ తమ్ముడు చెప్పింది నిజమేనా వదినా? నేను నమ్మల్యా. అంతగా చెప్పుకున్యాడు, నేను నమ్మల్యా." ఆమె ఏడుపు మేడంతా వినిపించింది. గురమ్మ ఫోన్ గుండెకు ఆనించుకుని నిలబడింది. అప్పుడు ఏడ్చింది, తమ్ముడు పోయాక మొదటిసారి.

కాసేపటికి మొహం తుడుచుకుని కిందికి వెళ్ళింది. మామాతో మాట్లాడి, మామా చేత డాక్టరమ్మకు ఫోన్ చేయించి మళ్ళీ పైకి వచ్చింది. రేపు పొద్దున్నే నెత్తురు ఇవ్వడానికి రమ్మన్నారని పెద్దిరాజుకు చెప్పింది. వాడు దండం పెట్టబోతే చెయ్యి విదిలించింది. నేను వాణ్ణి పట్టుకుని మెట్లు దింపి, టాక్సీ ఎక్కించి వచ్చాను.

"మన్నించినవా అక్కా?" అని అడిగాను.

"మన్నించేదా?" ఆమె నా వైపు వింతగా చూసింది. "వాడు బతకాల తమ్ముడా. శానా దినాలు బతకాల. పెద్దల అమాస ఏటా వస్తాది. ఏటా ఆ పొద్దు వాడు మా ఇంటికి ఫోన్ జేసి ఆంజి బీడీ తాగలేదని చెప్పాల. సచ్చిపోతే ఎవురు చెప్తారు?"

బుట్టలో ఇంకో దుప్పటి మిగిలి ఉంది. ఒక కొస నా చేతికిచ్చి, గట్టిగా పట్టుకోమంది.